హెచ్ దగ్గర ముల్లు

లోపలే మంచాలు, సోఫా ఉండే ఆ మోటార్‌హోమ్‌ని మా ఆయన కొన్నది మార్చి నెలలో, మిషిగన్‌లో మేముండే నోవైలో రోడ్ల పక్కన మంచు గుట్టలు ఇంకా కరగకముందే. అది నాకంటే రెండేళ్ళు పెద్ద బండి. భార్య పోయాక ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్న ఒక ముసలాయన దగ్గర కొన్నారు. కొనేశాక నాకు చెప్పారు. మా సబ్‌డివిజన్‌లో, అంటే మేముండే ఇళ్ళ కాలనీలో, అలాంటి బళ్ళు ఇంటి ముందు పెట్టనివ్వరు. మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు వాడుకునే అమెరికన్ చర్చి వెనక పార్కింగ్ లాట్‌లో, పాస్టరుగారిని అడిగి, అక్కడ పెట్టారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వచ్చి చూశారు. పిల్లలు లోపలి మంచాలెక్కి గెంతారు. మా ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని ఫోటోలు దిగారు.

నేను ఎక్కగానే చూసింది డాష్‌బోర్డు. స్పీడు చూపేది కాక నాలుగు గేజ్‌లున్నాయి: పెట్రోలు, ఇంజన్ వేడి, ఆయిల్ ప్రెషర్, బ్యాటరీ. కీ తిప్పితే బ్యాటరీది ఒక్కటే కాస్త కదిలింది. పెట్రోలు ముల్లు అడుగునే ఉండిపోయింది. వేడి చూపే గేజ్‌కి ఎడమ చివర చల్లదనానికి సి, కుడి చివర వేడికి హెచ్ అని రాసి ఉంది. ముల్లు సి పక్కనే, ఇంజన్ అరగంట తిరిగినా, అలాగే ఉంది.

"చూశావా, ఎంత తిరిగినా వేడెక్కదు. పాతకాలం ఇంజన్లంటే ఇవీ," అన్నారు మా ఆయన.

"గేజ్ పని చెయ్యట్లేదండీ," అన్నాను.

"నీకెలాగూ ఖాళీయేగా. ఆ మీటర్లేవో నువ్వు చూడు."

ఖాళీ అంటే, అంతకు ముందు శరదృతువులో నన్ను లేఆఫ్ చేశారు. కాకినాడలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి, పెళ్ళై వచ్చి, పని చేసే పర్మిట్ లేక పదకొండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత ఆరేళ్ళు కార్ల డాష్‌బోర్డులు టెస్ట్ చేసే ల్యాబ్‌లో కాంట్రాక్ట్ మీద చేశాను. వేడిలో, చలిలో, కుదుపులో గేజ్ ఎంత తేడా చూపిస్తుందో కొలవడమే నా ఉద్యోగం. మా ఆయన సాఫ్ట్‌వేర్. నా పని గురించి ఎవరైనా అడిగితే "స్క్రీన్లు చూస్తుంది" అనేవారు. ఆయన ఖాళీ అన్న మాట గుచ్చుకుంది. అయినా సరేనన్నాను. నిజం చెప్పాలంటే, ఆ పని నాకు కావాలి. ఆరు నెలలుగా నా చేతులకి పని లేదు.

ఏప్రిల్ అంతా అక్కడే గడిచింది. చలికి వేళ్ళు బిగుసుకుపోతుంటే గ్లౌజుల కొసలు కత్తిరించి తొడుక్కున్నాను. గేజ్‌లున్న పలకని విప్పి వెనక్కి తిప్పితే, కరెంటు పారే సన్నటి రాగి గీతలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటిని తుడిచి, తెగినచోట సోల్డర్ చేశాను. ఆ కాలపు గేజ్‌లకి బ్యాటరీ కరెంటు నేరుగా ఇవ్వరు. అగ్గిపెట్టెంత రేకు డబ్బా ఒకటి దాన్ని అయిదు వోల్టులకి తగ్గించి పంపుతుంది. ఆ డబ్బా ఎప్పుడో చచ్చిపోయింది. దాని బదులు కొత్తది కట్టాను.

తర్వాత ఇంజన్ వైపు చూడాలి. ఆ బండిలో ఇంజన్ ముందు సీట్ల మధ్యనే, పెద్ద మూత కింద ఉంటుంది. మూత ఎత్తి, ఇంజన్ వేడిని పసిగట్టే సెన్సార్ నుంచి తీగ ఊడదీసి, దాన్ని ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకి తగిలిస్తే, గేజ్ బాగున్నట్టయితే ముల్లు హెచ్ దాకా పోవాలి. మా అమ్మాయికి పదహారేళ్ళు. దాన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి ముల్లు చూడమన్నాను.

"అమ్మా, కదిలింది! పైకి వెళ్తుంది, వెళ్తుంది! హెచ్‌కి వచ్చేసింది!" అని అరిచింది.

"చాలు, కీ ఆఫ్ చేసెయ్," అన్నాను. అది సీట్లోంచి లేచి వచ్చి మసి చేతులతో ఉన్న నన్ను కావలించుకుంది. ఆ బండితో నాకు దక్కిన మంచిరోజు అదొక్కటే.

అంటే గేజ్ బాగుంది, తీగ బాగుంది, సెన్సార్ పోయింది. కొత్త సెన్సార్ తెప్పించాను. అది కూడా నమ్మకుండా, ఇంట్లో గిన్నెలో నీళ్ళు పోసి, అందులో సెన్సార్ వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి, మల్టీమీటర్‌తో పది డిగ్రీలకోసారి రెసిస్టెన్స్ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నీళ్ళు వేడెక్కేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చింది, తగ్గాల్సినంతే తగ్గింది. మా ఆయన ఫోన్‌లో ఎవరితోనో "మా ఆవిడ పప్పుగిన్నెలో ఇంజన్ పార్టులు ఉడకబెడుతోంది బ్రదర్" అని నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడింకా నవ్వేదాన్ని.

మే నెలలో అన్నీ బిగించి రోడ్డెక్కితే, పది మైళ్ళకే వేడి ముల్లు సగం దాటింది. ఇరవై మైళ్ళకి ముప్పావు దగ్గర నిలబడింది. ఇంకా ఎండలు కూడా రాలేదు.

"ఏం చేశావు దీన్ని?" అన్నారు మా ఆయన. "నేను కొన్నప్పటి నుంచీ సి దాటలేదు."

"అప్పుడు పని చెయ్యలేదండీ. ఇప్పుడు చేస్తోంది. రేడియేటర్ పూడుకుపోయి ఉంటుంది. ఒకసారి తీసి కడిగించండి. దూరం వెళ్ళేలోపు."

"ఆ ముసలాయన ఇన్నేళ్ళు నడిపాడు. ఆయనకి లేని ప్రాబ్లం నీకొచ్చిందా?"

నోట్‌బుక్ తెచ్చి అంకెలు చూపించబోయాను. ఆయన రోడ్డు చూస్తున్నానన్నారు. ఇంటికొచ్చాక చూడమన్నాను. మీటింగ్ ఉందన్నారు. జూన్‌లో రెండుసార్లు గుర్తు చేశాను. రెండోసారి "ఆ మీటర్ కాస్త ఎక్కువ చూపిస్తుందని నాకు తెలుసు, దాన్నిబట్టి చూసుకుంటాలే" అన్నారు. అంటే, నేను బాగుచేసిన గేజ్‌ని ఎలా తప్పుగా చదవాలో ఆయనే ఒక లెక్క పెట్టుకున్నారు.

జూలైలో మా చర్చి కుటుంబాలు ఏడెనిమిది కలిసి మిషిగన్ పైభాగంలో ఒక సరస్సు దగ్గర క్యాంపుకి బయల్దేరాయి. మధ్యాహ్నం భోజనం అందరిదీ మా బండిలోనే ఉంది: బిర్యానీ ట్రేలు, పెరుగు పచ్చడి, ఐసు నింపిన కూలర్లు. మిగతావాళ్ళు కార్లలో ముందు వెళ్ళిపోయారు. నేను ఆయన పక్క సీట్లో ఉన్నాను, అమ్మాయి వెనక సోఫాలో. మూడు గంటల ప్రయాణం అయ్యేసరికి ఎండ మండుతోంది. మా ఇద్దరి మధ్య ఉన్న ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టలేకపోయాను. ముల్లు హెచ్ అక్షరాన్ని తాకింది.

"ఏవండీ, ఆపండి. పక్కకి తీసి ఆపండి."

"పదకొండు మైళ్ళుంది ఎగ్జిట్. అక్కడ ఆపుతాను."

"అంత దూరం పోదు. ఇప్పుడే ఆపాలి."

ఆయన గేజ్ అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టారు. "అందరూ ఆకలితో వెయిట్ చేస్తున్నారు. నువ్వు కాసేపు మాట్లాడకు."

వెనక నుంచి అమ్మాయి, "డాడీ, అమ్మ స్టాప్ చెయ్యమంటుంది కదా. ప్లీజ్," అంది.

"మీరిద్దరూ నాకు డ్రైవింగ్ నేర్పక్కర్లేదు."

కొంచెం దూరం పోయాక తియ్యటి వాసన వచ్చింది, ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు, ఆ కూలెంట్, కాలుతున్న వాసన. ఆ వెంటనే ముల్లు కిందికి దిగడం మొదలుపెట్టింది. ముప్పావుకి వచ్చింది, సగానికి వచ్చింది. మా ఆయన ముఖం వెలిగింది. "చూడు, తగ్గిపోతోంది! చెప్పానా?"

సెన్సార్ నీళ్ళలో మునిగి ఉంటేనే నీళ్ళ వేడి చెప్తుంది. నీళ్ళన్నీ బయటికి పోతే దానికి తగిలేది ఉత్త గాలి. ముల్లు దిగిందంటే ఇంజన్ చల్లారలేదు, ఇంజన్‌లో నీళ్ళు లేవు. అదే చెప్పాను, అరిచి చెప్పాను. మాట పూర్తయ్యేలోపే కింద నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు, మూత అంచుల నుంచి తెల్లటి ఆవిరి. బండి దానంతటదే నెమ్మదించి రోడ్డు పక్కకి ఒరిగి ఆగిపోయింది. మళ్ళీ తిరగలేదు.

అమ్మాయిని దించి గడ్డిలోకి దూరంగా తీసుకెళ్ళాను. మా ఆయన మా దగ్గరికి రాకుండా అటు తిరిగి ఫోన్ చేస్తున్నారు. మాటలు స్పష్టంగానే వినపడ్డాయి.

"లేదు బ్రదర్, అందరం సేఫ్. ఇంజన్ పోయింది. మీటర్ మోసం చేసిందండీ. సగంలోనే చూపిస్తోంది, అంతలో పేలిపోయింది. అదే, మా ఆవిడ రిపేర్ చేసిందిగా, అదే మీటర్."

టో ట్రక్ డ్రైవర్ మూత ఎత్తి చూసి, "ఎంతసేపటి నుంచి వేడిగా ఉంది?" అని అడిగాడు. "అసలు తెలియలేదు" అన్నారు మా ఆయన. నేను పక్కనే ఉన్నాను. బిర్యానీ తీసుకెళ్ళడానికి చర్చివాళ్ళ కారు వచ్చింది. అందరూ నన్ను జాలిగా చూశారు. ఒక సిస్టర్ నా భుజం మీద చెయ్యి వేసి, "పోన్లేమ్మా, నువ్వు కావాలని చేశావా ఏంటి," అంది.

ఇంటికొచ్చిన మూడో రోజు, చర్చి వెనక్కి టో చేసి తెచ్చిన ఆ బండిలోంచి సెన్సార్ విప్పి తెచ్చాను. అదే గిన్నె, అలాగే నీళ్ళు. మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి స్టవ్ ముందు నిలబెట్టాను. పది డిగ్రీలకోసారి అంకె చదివి, ఏప్రిల్‌లో రాసిన అంకె పక్కన వేలు పెట్టి చూపించాను. తేడా లేదు. మరుగుతున్న నీళ్ళలోంచి సెన్సార్ పైకెత్తి పట్టుకుంటే, గాలి తగలగానే అంకె మారడం కూడా చూపించాను.

"చూశారా? నీళ్ళు పోయాక అలా దిగింది."

ఆయన నోట్‌బుక్ వైపూ గిన్నె వైపూ చూశారు. అర్థమైంది. ఆయనకి అర్థం కానిది కాదు అది.

"ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?" అన్నారు. "నువ్వు నెగ్గితే ఇంజన్ తిరిగొస్తుందా?"

ఆ తర్వాతి ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, ఆయన లేచి మైక్ దగ్గరికి వెళ్ళారు. ప్రయాణం గురించి చెప్పారు. ఎండ, హైవే, వెనక కూతురు. "మీటర్ తప్పు చూపించినా, మనుషులు చేసిన పని తప్పిపోయినా, తప్పిపోని దేవుడు మా కుటుంబాన్ని కాపాడాడు," అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. అది నటన కాదు. హాలంతా "స్తోత్రం" అంది. నేనూ అన్నాను. ఇన్నేళ్ళ అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

కారెక్కుతుంటే అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"వై డిడ్ యూ సే దట్, అమ్మా? నీకు తెలుసు కదా. నేను కూడా చూశాను కదా."

"ఎక్కు, ఆలస్యమవుతోంది," అన్నాను. అది ఆ రోజు నాతో మాట్లాడలేదు. వాళ్ళ నాన్నతో మామూలుగానే మాట్లాడింది. ఆయన నిజం చెప్తారని దానికి ఆశ ఉన్నట్టు లేదు.

ఆగస్టులో బండిని అమ్మకానికి పెట్టారు. ప్రకటన నేను ఆన్‌లైన్‌లో చూశాను. ఇంజన్ పని చెయ్యదని రాశారు. దాని కింద, డాష్‌బోర్డులోని గేజ్‌లన్నీ కొత్తగా రిపేర్ చేసి టెస్ట్ చేసినవి, కచ్చితంగా చూపిస్తాయి అని రాశారు. ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను.

కొనడానికి వచ్చినాయన నలభై ఏళ్ళవాడు, మంచివాడిలా ఉన్నాడు. కీ తిప్పితే పెట్రోలు, బ్యాటరీ ముళ్ళు ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఆయన ముచ్చటపడి, ఇవి ఎవరు చేశారు అని ఇంగ్లీషులో అడిగాడు.

"మేమే చేశాం," అన్నారు మా ఆయన.

"నేను చేశాను," అన్నాను. "వేడి గేజ్ సరిగ్గానే చూపించింది. ముల్లు హెచ్‌కి వచ్చాక కూడా ఆపకుండా నడిపాం. అందుకే ఇంజన్ పోయింది."

ఆయన మా ఇద్దరి ముఖాలూ చూసి ఇబ్బందిగా నవ్వాడు. ఇంజన్‌తో తనకి పని లేదన్నాడు. ఇంజన్, సీట్లు, డాష్‌బోర్డు మొత్తం పీకేసి, దీన్ని ఒకచోట నిలిపి కాఫీ షాపు చేస్తాడట. గేజ్‌లున్న చోట కౌంటర్ వస్తుందట. "మీకు కావాలంటే ఆ గేజ్‌లు విప్పి తీసుకోండి," అన్నాడు నాతో.

వద్దన్నాను. తెచ్చి ఎక్కడ పెట్టుకోను?

తిరిగి వస్తుంటే కారులో మా ఆయన, "పరాయివాడి ముందు నా పరువు తియ్యాలా?" అన్నారు.

"చర్చిలో మీరు తీసింది ఎవరిదండీ?"

ఆయన ఏసీ పెంచారు. ఆ వారమంతా నాతో మాట్లాడలేదు.

అక్టోబరులో నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది, ఇంకో టెస్టింగ్ ల్యాబ్‌లో, ఈసారి పర్మనెంట్. చర్చిలో అందరూ అభినందించారు. ఇప్పటికీ ఎవరి కారులోనైనా డాష్‌బోర్డు మీద ఏదో లైటు వెలిగితే, ఆరాధన అయ్యాక వచ్చి మా ఆయన్ని అడుగుతారు. ఆయన నా వైపు చూపించి, "మా ఆవిడకి మాత్రం ఇవ్వకండి బ్రదర్, ఇంజన్ పేలిపోద్ది," అంటారు. అందరూ నవ్వుతారు. నేను నవ్వడం మానేశాను. ఎవరూ గమనించినట్టు లేదు.