ఎప్పుడు ఆపాలో చెప్పని సంగటి

నిన్న బస్సు ఊరిగాం బడి ముందు ఆగినప్పుడు కిటికీలోంచి ఒక తరగతి కనిపించింది. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో ‘కంప్యూటేషనల్ థింకింగ్’ అని రాసి ఉంది. నా కుడిచేయి దానంతటదే గుండ్రంగా తిరగబోయింది. పక్కసీటాయన భయపడి జరిగి కూర్చున్నాడు.

ఆ బడిలో మా వదిన టీచరు. చదవడం, రాయడం లాగే, ఒక పనిని ముక్కలు చేసి వరసగా చెప్పడం కూడా ప్రతి బిడ్డకూ రావాలని ఆమె పట్టు; ఆ నల్లబల్ల మీది మాటకు అర్థం అదే. అందుకు కంప్యూటరే అక్కర్లేదనేది. బడిలో ఉన్నవాటి మీద ఎటూ గుడ్డ కప్పి ఉండేది. ఏళ్ల కిందట ఆ పాఠానికి వారానికి ఒక పీరియడు ఇచ్చిన పెద్దమేడం, కొన్నాళ్లకు పాఠం చూడ్డానికి వస్తానని, నచ్చకపోతే ఆ పీరియడు లెక్కలకు ఇచ్చేస్తానని తేల్చి చెప్పింది. ఆమె వచ్చే రోజు పొద్దున వదిన కాఫీ కూడా ముట్టలేదు. నన్ను మాత్రం బడికి లాక్కుపోయింది.

“నువ్వు మిషనువప్పా. పిల్లోళ్లు చెప్పిందే చేయాల. సొంత తెలివి ఇంటికాడ పెట్టి రా.”

“అది ఉంటే గదా వదినా, పెట్టి వచ్చేకి!”

పని రాగిసంగటి చేయడం. పిల్లలు చెప్పినట్టే పొయ్యి వెలిగించాను, ఎసరు మరిగాక పిండి పోశాను. “తెడ్డుతో తిప్పు” అన్నారు. తిప్పాను. ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు. ఇంకాసేపైతే గిన్నె అడుగు చిల్లుపడి, ఊరి కింద మూతపడిన బంగారు గనిలోకి నేరుగా దారి ఏర్పడేదే. మాడువాసన మొదలైంది. పెద్దమేడం కుర్చీలోంచి లేచింది. వదిన మొహం పాలిపోయింది.

“ఆపమను మేడం, సార్ చేయి ఊడిపోతాది!” అన్నాడు ముందుబెంచీవాడు.

“మిషనుకు జాలి తెలీదురా. ఎప్పుడు ఆపాలో చెప్పండి” అంది వదిన.

“పది నిమిషాలకి!”

“మీ పొయ్యి వేరే, ఈ పొయ్యి వేరే గదా?”

అంతలో వెనకనుంచి ఒక రెండుజడల పిల్ల లేచింది. “మాయమ్మ చేయి తడుపుకోని తాకి చూస్తాది మేడం. అంటుకుంటే ఇంగా తిప్పాల. అంటుకోకుంటే దించేయాల.”

చేయి తడుపుకుని తాకాను. అంటుకోలేదు. దించేశాను. తరగతి మొత్తం అరిచిన అరుపుకు కప్పు మీద పావురాలు ఎక్కడో దూరాన ఉన్న తమక ఊరి దాకా పోయి వాలాయి.

పెద్దమేడం మళ్లీ కూర్చుంది. “ఉండనీలేమ్మా నీ పీరియడు. ఈసారి చిత్రాన్నం చేయించు. సంగటి మాడింది.”

వదిన వదిలిన ఊపిరికి పొయ్యి ఆరిపోయిందంటే మీరు నమ్మరు. ఆ మాడు ముద్దను ఆమే కూర్చుని, చారు కూడా లేకుండా, మొత్తం తినేసింది.

బస్సు కదిలింది. గనితో మొదలుపెట్టి కాలం మా ఊళ్లో ఎన్నిటినో మూసుకుంటూ వచ్చింది. వదిన పీరియడు దగ్గర మాత్రం, ఎందుకో, చూసీ చూడనట్టు దాటిపోయింది.