మూడు కిలోల తేడా

తూనికలు కొలతల శాఖలో ఆయన ముప్పై ఒక్క సంవత్సరాలు ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. బజారులో ఆయనకు గ్రాము గారు అని పేరు. ఆయన వీధి మలుపు తిరగగానే కూరగాయల వాళ్ళు, "గ్రాము గారొస్తున్నారు, బొటనవేలు తియ్యరోయ్!" అని ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. ఆయన నవ్వేవారు కాదు. వేలు తీశాక ముల్లు ఎక్కడ నిలిచిందో చూసేవారు.

ఉద్యోగం చివరి రోజులలో జైలు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడి ఆసుపత్రి గదిలో మనుషులను తూచే కాటాను పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలని అందులో ఉంది. కారణం రాయలేదు. ఫోను చేస్తే గుమాస్తా చెప్పాడు. వచ్చే వారం ఒక ఖైదీని ఉరి తీస్తారు. తాడు పొడవును అతని బరువును బట్టి నిర్ణయిస్తారు. ఆ కాటాకు ముద్ర వేసి నాలుగేళ్ళు దాటింది.

మర్నాడు ఉదయం ఆయన బూట్లు తొడుక్కుంటూ ఉండగా ఆయన భార్యకూ, ఆమె అన్నకూ మాట పెరిగింది. ఆ బావ పక్క వీధిలో సైకిళ్ళ దుకాణం నడుపుతాడు.

"నిద్రలో ఉన్న మొగుణ్ణీ పెళ్ళాన్నీ పొట్టన పెట్టుకున్నాడు వాడు. అలాంటివాడికి మళ్ళీ తూకాలు కూడానా? మర్యాద మరీ ఎక్కువైపోయింది," అన్నాడు బావ.

"అయితే ఆ ఉరేదో నువ్వే తియ్యి అన్నయ్యా."

"నాకేం ఖర్మే? దానికి జీతాలిచ్చి పెట్టుకున్నవాళ్ళు ఉంటారు."

"నేనూ అదే అంటున్నా. ఆ జీతగాళ్ళలో ఇవాళ మా ఆయన ఒకరు."

"మాటలకేం తల్లీ, కోటలు దాటతాయి. చచ్చినావిడ నీ చెల్లెలైతే ఇలాగే అంటావా?"

ఆమె చేతిలోని గిన్నెను బల్ల మీద పెట్టింది. "ఏమో. అననేమో," అని భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఈ ఉరిశిక్ష ఉండాలా, వద్దా?"

"కాటా చూడందే ఏం చెప్పను?" అన్నారాయన. అది తప్పించుకునే మాట అని ముగ్గురికీ తెలుసు. ఆయన ఆ వాదన రెండు వైపులా చదివినవారే. ఏ వైపుది చదివితే ఆ వైపే మొగ్గేవారు.

ఆసుపత్రి గదిలో ఆయన ఇరవై కిలోల రాయి పెడితే కాటా పందొమ్మిది చూపింది. నలభైకి ముప్పై ఎనిమిది. అరవైకి యాభై ఏడు. లోపలి మీటలలో దోషం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మనిషి నిలబడే పలక మీద అతికించిన రబ్బరు పట్టాను పరీక్షగా చూశారు.

"ఇది ఎవరు వేశారు?"

"నేనేనండి," అన్నాడు జైలు కాంపౌండరు. "చలికాలం ఒట్టికాళ్ళతో ఇనుం మీద నిలబడితే ఝల్లుమంటుంది కదండీ. పాపం అని వేశాను."

పట్టా పలక కంటే వెడల్పు. దాని అంచులు చుట్టూ ఉన్న చట్రం మీద ఆనుకున్నాయి. ఎక్కినవాడి బరువులో కొంత ఆ చట్రమే మోస్తోంది.

సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"నేను సంతకం పెట్టకపోతే?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు.

అతనికి కోపం రాలేదు. "తేదీ మారదండీ. గోడౌన్ నుంచి బస్తాలు తూచే కాటా తెప్పిస్తాను. దానికి ముద్ర ఉంది. గీతకూ గీతకూ మధ్య రెండు కిలోలు. మీ ఇష్టం."

బరువు తక్కువ చూపితే తాడు పొడవవుతుంది. ఎక్కువ చూపితే పొట్టిదవుతుంది. ఏది జరిగినా ఆ మనిషికి చావు తేలికగా రాదు. సరిగ్గా చూపితే తేలికగా వస్తుందంటారు. ఆ మాటను నిర్ధారించడానికి ఎవరూ తిరిగి రాలేదు.

ఆయన బ్లేడుతో పట్టాను నాలుగు వైపులా సెంటీమీటరున్నర చొప్పున కోశారు. పదకొండు నిమిషాలు పట్టింది. ఈసారి కాటా అరవైకి అరవై చూపింది.

అప్పుడు ఖైదీని తీసుకువచ్చారు. ముప్పై ఏళ్ళుంటాయి. అలవాటైనవాడిలా చెప్పులు విడిచి ఎక్కాడు.

"అరవై ఒకటి పాయింట్ నాలుగు," అని చదివాడు కాంపౌండరు.

ఖైదీ ముఖం విప్పారింది. "అరవై ఒకటా? పోయిన సోమవారం యాభై ఎనిమిదే కదన్నా!"

కాంపౌండరు కొత్త అంకెను కాగితం మీద రాసుకున్నాడు.

"మా అమ్మ రేపొస్తుంది సార్," అన్నాడు ఖైదీ ఇన్‌స్పెక్టరుతో. "చిక్కిపోయావురా, తినట్లేదురా అని వచ్చినప్పుడల్లా ఒకటే ఏడుపు. మూడు కిలోలు పెరిగానని చెప్తా. కాటా కరెక్టేగా సార్?"

చెప్పవలసినవి రెండే మాటలు: ఇప్పుడు కరెక్టే. మొదటిది ఆయన గొంతు దాటలేదు.

"కరెక్టే," అన్నారు.

ఖైదీ దిగి, నమ్మకం కోసం మళ్ళీ ఎక్కాడు. అంకె మారలేదు. నవ్వుకుంటూ వార్డరు వెంట వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరు కాటాకు ముద్ర బిగించి ధ్రువపత్రం మీద సంతకం చేశారు.

తూకపు రాళ్ళను జీపు వరకు మోసుకువచ్చింది కాంపౌండరే. మూడోది అందిస్తూ, "వాళ్ళమ్మ బయటికొచ్చాక నన్నే అడుగుతుందండీ, వాడు చెప్పింది నిజమేనా అని. ఏం చెప్పమంటారు?" అన్నాడు.

ఆయన రాయిని పెట్టెలో సర్ది, మూత వేసి, గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచారు.

"నన్నడక్కు నాయనా," అన్నారు.