క్లోమం తరఫు మనిషి

మా మావయ్య పక్కన కూర్చుని, క్లోమం గురించి వినకుండా భోజనం ముగించిన మనిషి ఇంతవరకు లేడు. కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన కూడా ఒకసారి టీ తాగి, క్లోమం ఎక్కడుంటుందో తెలుసుకుని మరీ వెళ్లాడు.

మావయ్య వైద్య కళాశాల మ్యూజియంలో శరీర భాగాల నమూనాలు చేసేవాడు. ప్లాస్టర్ పోసి, ఆరబెట్టి, రంగులు వెయ్యడం ఆయన పని. ముప్పై ఏళ్లలో ఎన్ని గుండెలు, మూత్రపిండాలు చేసినా మనసు మాత్రం క్లోమానికే ఇచ్చాడు. విద్యార్థులు వస్తూనే జీర్ణాశయం దగ్గర మూగుతారని, దాని వెనకున్నదాన్ని పలకరించే దిక్కే ఉండదని ఆయన బాధ. అంచు విరిగిందని కళాశాలవాళ్లు పారేయబోయిన నమూనా ఒకటి ఇంటికి తెచ్చి, మా భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు. ముందున్న జీర్ణాశయం మూతలా ఊడి వస్తుంది. వెనకాల పసుపు రంగు క్లోమం, జానెడు పొడవున అడ్డంగా పడుకుని ఉంటుంది. వీధిలో అందరూ ఆయన్ని క్లోమం మావయ్య అనేవారు. ఆయన సంతోషంగా పలికేవాడు.

మా ఇంట్లో అందరిదీ పరుగు భోజనమే. నాన్న పది నిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసేవాడు. నేను ఆయన కొడుకుని. అమ్మ నిలబడే తినేది. మావయ్యను కన్నతల్లి, మా అమ్మమ్మ, ఒక్కతే నిదానం. కట్టుడు పళ్లు వచ్చాక ఆవిడకు నమలడం పెద్ద పనైపోయింది. పైగా అందరూ లేచాక ఒంటరిగా కూర్చుని తినడం నామోషీ. మేం లేస్తే సగం పళ్లెం వదిలేసి ఆవిడా లేచేది. ఆ ఏడు బాగా చిక్కిపోయింది. జబ్బేమీ లేదని, కడుపునిండా తినకపోతే మాత్రం మంచం పడుతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ బతిమాలింది, నాన్న కోప్పడ్డాడు. ఆవిడ వింటేనా?

మావయ్య పాఠాలు ముదిరింది కూడా ఆ రోజుల్లోనే. ఇంట్లో ఇంత దిగులుంటే ఈయనకు క్లోమం గోలేమిటని నాకు ఒళ్లు మండేది. నాన్న చివరి ముద్ద ఎత్తేలోపు మొదలుపెట్టేవాడు.

"బావా, జీర్ణాశయానికి పళ్లున్నాయా?"

"లేవు," అనేవాడు నాన్న, అది నూరోసారి కనుక.

"మరి నమలకుండా మింగితే అదేం చేస్తుంది? ఆమ్లం పోసి, గోడలతో పిసికి, గంటల తరబడి అవస్థ పడుతుంది. ఆ ఆమ్లమంతా చిన్నపేగులోకి దిగితే అక్కడ అదుపు చేసేదెవరు?"

"క్లోమం," అనేవాళ్లం అందరం కలిసి, నీరసంగా.

ఇక ఆయన్ని ఆపలేం. క్లోమం తలను చిన్నపేగు వంపులో ఎలా పెట్టుకుంటుందో, తోకను ప్లీహం దాకా ఎలా చాస్తుందో, కొవ్వునూ పిండినీ విడగొట్టే రసాలు ఎలా పంపుతుందో చెప్పి, అవి చాలవన్నట్టు రక్తంలో చక్కెర పెరిగితే ఇన్సులిన్ వదలడం దగ్గరికి వచ్చేవాడు. మధ్యలో ఎవరైనా లేవబోతే చేతిలో జీర్ణాశయం పెట్టి, కాస్త పట్టుకోమనేవాడు. జీర్ణాశయం చేత పట్టుకుని ఎవరు మాత్రం ఎక్కడికి వెళతారు?

ఒక ఆదివారం ఆయన గొంతు పోయింది. మూడు రోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. నేను లోలోపల పండగ చేసుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఎనిమిది నిమిషాల్లో నాన్న లేచాడు. నేనూ లేవబోతుంటే అమ్మమ్మ చాలంటూ సగం పళ్లెం పక్కకు నెట్టింది. మావయ్య నమూనా వైపు చెయ్యి చాచి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆయన చూపు మా మీద లేదు, అమ్మమ్మ పళ్లెం మీద ఉంది. ఇన్నాళ్లూ ఆ పాఠం ఎప్పుడు ముగిసేదో అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందుకోగానే ముగిసేది. నాకు సిగ్గేసింది.

మళ్లీ కూర్చున్నాను.

"నాన్నా, జీర్ణాశయానికి పళ్లున్నాయా?"

నాన్న నన్ను చూశాడు, మావయ్యను చూశాడు, ఆ సగం పళ్లెం చూశాడు.

"లేవురా," అంటూ మెల్లగా కూర్చున్నాడు.

నూరుసార్లు విన్నా నా బుర్రకెక్కింది సున్నా. క్లోమం ఊడదీసి, తలను ప్లీహం వైపూ తోకను పేగు వైపూ పెట్టేశాను. మావయ్య నెత్తి కొట్టుకుని, లాక్కుని సరిచేశాడు. రెండోసారి కావాలనే తప్పు పెట్టాను. ఆయన మళ్లీ నెత్తి కొట్టుకున్నాడు గానీ, ఈసారి చాలా తాపీగా కొట్టుకున్నాడు. అమ్మమ్మ పళ్లెం దగ్గరకు లాక్కుంది.

చివరికి ఖాళీ పళ్లెం ముందు మంచినీళ్లు తాగి, ఆవిడ తీర్పు చెప్పింది.

"వీడు నయం. వాడు ఇన్సులిన్ దగ్గరికొచ్చేసరికి గబగబా ముగించేస్తాడు. ఆఖరి రెండు ముద్దలు నమలకుండా మింగాల్సొస్తోంది. జీర్ణాశయానికి పళ్లు లేవు కదా."

 మావయ్య ఐదు వేళ్లు ఎత్తి చూపించి, ఇన్సులిన్‌కు ఇంకో ఐదు నిమిషాలు పెంచుతానని ఒప్పుకున్నాడు.