రోజూ స్టార్టయి ఎక్కడికీ వెళ్లని కారు

మా బావ గడియారాలు బాగుచేస్తాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే ముందుగది, కిటికీ పక్కన అదే బల్ల, కుడికంటికి బిగించుకునే అదే నల్ల భూతద్దం. పొద్దున లేవగానే గోడ మీది గడియారాలన్నిటికీ వరసగా కీ ఇస్తాడు. బాగుచేయమని ఇచ్చి, తీసుకెళ్లడం మరిచిపోయినవాళ్ల గడియారాలకు కూడా ఇస్తాడు. "నడిచే వస్తువుని నడవనివ్వాలోయ్. ఆపేసి కూర్చోబెడితే అలుగుతుంది" అంటాడు. మాట మంచిదే. ఆ మాటను కారు దాకా తీసుకెళ్లడంతోనే వచ్చింది చిక్కంతా.

నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి. బళ్ల పొగ పరీక్షించే కేంద్రం నడుపుతాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల పొగ పీల్చే ముక్కు మీద ఇంకేం ఉంటుంది?

అక్కకు ఆయాసం. చిన్నప్పటి నుంచీ ఉన్నదే కానీ, పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, కుండపోత వానలో, ఊపిరి అందక నేల మీద కూలబడిపోయింది. ఆసుపత్రి పది నిమిషాల దూరం. బండి దొరకడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ బావ ఆమె తల ఒళ్లో పెట్టుకుని ముందుగదిలోనే కూర్చున్నాడు, గోడ నిండా గడియారాలు కొట్టుకుంటుంటే. ఆ తరువాత నెల తిరక్కుండా కారు కొన్నాడు. డ్రైవింగ్ నేర్చుకున్నాడు. నేర్చుకోవడం కాగానే కారును ఇంటి పక్క సందులో నిలిపి, కంటికి రెప్పలా కాపాడటం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లకు తీయడు, వాన పడినా తీయడు. "అది మీ అక్క కోసం. అరగదీయడానికి కాదు" అంటాడు. పదకొండేళ్లలో అది తిరిగింది మూడువేల ఒక వంద కిలోమీటర్లు. అందులో చాలావరకు ఆయన నేర్చుకున్నప్పటివే.

తిప్పకపోయినా, రోజూ ఏడింటికి మాత్రం స్టార్ట్ చేస్తాడు. అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చుని, కళ్లు మూసుకుని, ఇంజన్ చప్పుడు వింటాడు. ఐదు నిమిషాలు. చేతి గడియారం చూసుకుని మరీ ఆపేస్తాడు. అదే కీ ఇవ్వడమన్నమాట.

నేను చాలాకాలం వేరే ఊళ్లో పనిచేసి, ఈ మధ్యే ఇక్కడికి వచ్చి పొగ పరీక్ష కేంద్రం తీసుకున్నాను. నాకు ముందు దాన్ని నడిపిన పెద్దమనిషి చేతి గడియారం ఏడాదికోసారి బావ బల్ల మీద శుభ్రమయ్యేది. బావ కారు సర్టిఫికెట్ ఏడాదికోసారి నడుచుకుంటూ ఇంటికి వచ్చేది. కారు మాత్రం గేటు దాటేది కాదు. ఈ ఏడు నేనున్నాను కదా అని బావ స్వయంగా తీసుకొచ్చాడు. తుడిచి తుడిచి అద్దంలా ఉంది కారు. టైర్లకు కూడా ఏదో పూశాడు.

గొట్టంలోకి పరీక్ష కడ్డీ పెట్టాను. తెర మీద అంకె చూసి, కడ్డీ తీసి, తుడిచి మళ్లీ పెట్టాను. ఉండాల్సిన దానికి ఆరు రెట్లు.

"నీ మిషన్ పాడైనట్టుంది" అన్నాడు బావ.

"నా మిషన్‌కి మీ మీద పగేం లేదు బావా. పొద్దున్నుంచీ పాతిక బళ్లు చూసింది. డొక్కు ఆటోలు పాసయ్యాయి."

"మూడువేలు తిరిగిన కారోయ్ ఇది! పసిపిల్ల!"

"పసిపిల్లే. పదకొండేళ్లుగా మంచం దిగని పసిపిల్ల."

ఆ మాట నేను అనాల్సింది కాదు. ఆయన ముఖం చిన్నబోయింది. "చూసీ చూడనట్టు కానిచ్చెయ్. బయటివాణ్ణా నేను?" అన్నాడు. నేను కుదరదన్నాను. నా గొంతు లేచింది. బావ కాసేపు తాళం చెవిని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడి, "పాతది ఇంకో పది రోజుల్లో అయిపోతుంది. కాగితం లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఆ తరువాత మీ అక్కకేమైనా అయితే..." అని ఆపేశాడు. కారెక్కి వెళ్లిపోయాడు. వెనక నల్లటి పొగ.

మూడో రోజు అక్క ఫోన్ చేసింది. "ఏమన్నావురా ఆయన్ని? సరిగ్గా తినట్లేదు. గడియారం విప్పి ముందేసుకుని కూర్చుంటున్నారు, బిగించట్లేదు." మాట్లాడుతూ మధ్యలో రెండుసార్లు దగ్గింది. పొద్దుటిపూట దగ్గు ఈ మధ్య ఎక్కువైందని తేలిగ్గా చెప్పింది.

మర్నాడు ఏడు కాకముందే వెళ్లాను. బావ సందులో కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి చూడనట్టే ఉన్నాడు. నేను నేరుగా వంటింట్లోకి వెళ్లాను. అక్క నన్ను పలకరించి, గోడ మీది గడియారం వైపు చూసి, గబగబా కిటికీ రెక్కలు మూసింది. గడియ పెట్టింది. తడిగుడ్డ మెలితిప్పి కిటికీ అడుగు సందులో కుక్కింది. చేతులకు అలవాటైపోయిన పనిలా ఉంది. అప్పుడు బయట ఇంజన్ లేచింది.

గుడ్డ కుక్కినా వాసన వచ్చింది. సరిగా కాలని పెట్రోలు వాసన. ముప్పై వాసనల మధ్య ఉన్నా దాన్ని పట్టేస్తాను నేను. అక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, స్టవ్ దగ్గర వంగి దగ్గడం మొదలుపెట్టింది.

నాకప్పుడు అర్థమైంది. అవసరం వచ్చినప్పుడు ఒక్క క్షణం వృథా కాకూడదని, బావ కారును ఎప్పుడూ ముందు భాగం గేటువైపు ఉండేలా నిలుపుతాడు. అంటే వెనక గొట్టం వంటింటి కిటికీ వైపు ఉంటుంది. అక్క దగ్గు పెరిగినకొద్దీ ఆయనకు భయం పెరిగింది. భయం పెరిగినకొద్దీ కారు మీద శ్రద్ధ పెరిగింది. ఆ రోజు నేను గడియారం చూశాను. ఐదు కాదు, పన్నెండు నిమిషాలు నడిపాడు.

"ఏమిటే ఇది! పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదేనా?" అన్నాను.

అక్క దగ్గు మధ్యలోనే నవ్వింది. "అందరూ పొమ్మనలేక పొగబెడతార్రా. మీ బావ నన్ను ఉండమని పెడుతున్నారు."

నేను బయటికి దూకబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈ సంగతి ఆయనకి చెప్పావంటే నాతో మాట్లాడకు. ఈ వయసులో ఆయన తట్టుకోలేరు." మా అక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒప్పుకున్నాను. ఒప్పుకుని, సందులోకి వెళ్లి, వంటింట్లోకి పొగ వస్తున్న సంగతి తప్ప మిగిలిందంతా బావ మీద కుమ్మరించాను.

"డ్రాయర్లో పడేసిన గడియారంలో నూనె ఏమవుతుంది బావా?"

"గడ్డకడుతుంది. ఆ మాత్రం తెలియదా? అందుకేగా రోజూ కీ ఇస్తున్నాను!"

"కీ ఇస్తున్నారు. ముళ్లు కదలకుండా పట్టుకుంటున్నారు."

ఆ మాట ఆయనకు తగిలింది. నేను వదల్లేదు. చల్లటి ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సగమే కాల్చుకుంటుంది. కాలనిది కొంత ఆయిల్లోకి దిగుతుంది, కొంత మసై ప్లగ్గులకు పడుతుంది. పొగలోని విషాన్ని తగ్గించడానికి గొట్టం దారిలో కన్వర్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. అది సెగ తగిలితేనే పనిచేస్తుంది. నిలబెట్టి నడిపే ఐదు పది నిమిషాల్లో దానికి చాలినంత సెగ తగలదు. "బండి వేడెక్కాలంటే రోడ్డు మీద పరుగెత్తాలి. వారానికి ఒక గంట. ఇంట్లో ఊరికే స్టార్ట్ చేయడం ఇవాళ్టితో బంద్. దీనికి ఒప్పుకుంటేనే మళ్లీ పరీక్ష చేస్తాను."

"ఆయిల్ పదివేల కిలోమీటర్లకి మార్చమని కారు పుస్తకంలో ఉంది. మూడువేలే కదా అయ్యింది?" అన్నాడు, గొంతు తగ్గించి. పుస్తకం తెప్పించి ఆ కింది వరస చూపించాను. కంటికి భూతద్దం బిగించుకుని చదివాడు. "'లేదా ఏడాదికోసారి, ఏది ముందైతే అది.'" ఇంకోసారి చదివాడు. పుస్తకం మూసి, "అందరి గడియారాలూ విప్పిచూసేవాణ్ణి, దీన్ని విప్పలేదోయ్" అన్నాడు. ఆయన ఓడిపోవడం నేను చూడటం అదే మొదటిసారి. సంబరమేమీ కలగలేదు.

నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయిల్ కడ్డీ తీస్తే గుప్పున పెట్రోలు వాసన. ట్యాంకులో నిలవ పెట్రోలు తీయించాం. ఆయిల్, గాలి ఫిల్టరు, ప్లగ్గులు మార్పించాం. పాత ప్లగ్గుల్లో ఒకదాన్ని బావ భూతద్దం కింద పెట్టి, గోటితో ఆ మసి గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. పనిలో ఆయనకు ముక్కు కూడా ఒక పనిముట్టే. పాడైన నూనెను వాసనతోనే చెప్పేస్తాడు.

ఆదివారం పొద్దున ముగ్గురం బయల్దేరాం. అక్క ముందు సీట్లో కూర్చుంది. ఆ సీట్లో ఆమె ఇంతకుముందు కూర్చున్నది రెండేసార్లు. రెండుసార్లూ కళ్లు తేలేసే ఉంది.

"ఎటు పోనివ్వను?" అన్నాడు బావ.

"ఆసుపత్రి వైపు తప్ప ఎటైనా సరే."

ఊరు దాటేదాకా తాబేలు నడకే. వెనక నుంచి నేను గోలపెట్టగా పెట్టగా నాలుగో గేరు వేశాడు. గేరు పడగానే ఇంజన్ చప్పుడు మారింది. ఆ మార్పు నాకంటే ముందు ఆయనకే తెలిసింది. "విన్నావా? గొంతు విప్పింది" అన్నాడు, పసివాడిలా. అక్క అద్దం దించి ఏదో కూనిరాగం తీసింది. గంటంపావు తిరిగాం. నేరుగా కేంద్రానికి తీసుకెళ్లి కడ్డీ పెడితే అంకె హద్దుకు బాగా లోపలే ఉంది. మొహమాటం లేకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టాను.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఇంటికొచ్చి, అలవాటుగా కారును వెనక్కి నడిపి సందులో పెట్టాక, బావ దిగి గొట్టం దగ్గర వంగాడు. వేలికి తడిగుడ్డ చుట్టుకుని లోపల తిప్పి చూసుకున్నాడు. మసి అంటనట్టుంది, తృప్తిగా తలాడించాడు. లేస్తూ ఎదురుగా గోడ చూశాడు. వంటింటి కిటికీ కింద గోడ మీద నల్లటి మరక, జానెడు వెడల్పున మొదలై పైకి విచ్చుకుని ఉంది. రోజూ చూసేదే. వంటింటి మసి అనుకునేవాడట. ఆ రోజు మాత్రం దగ్గరికి వెళ్లి, గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

నేను అక్కను చూశాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది స్టవ్ మసి కాదు" అన్నాడు బావ, వేలు అలాగే ఎత్తి పట్టుకుని. "పొద్దున్నే ఆ కిటికీ ఎందుకు మూస్తావు నువ్వు?"

"చలిగాలి వస్తుందని."

"ఎండాకాలంలోనా?"

అక్క మెట్టు మీద కూర్చుంది.

"పదకొండేళ్లు. ఒక్క మాట చెప్పొచ్చుగా? మానేసేవాణ్ణిగా!"

"మానేసేవారు. మానేస్తే మీకు నిద్ర పట్టేది కాదు" అంది అక్క. "ఆవేళ ఊపిరాడక నేను పడ్డది నలభై నిమిషాలే. మీరు ఆ తరువాత ఎన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచారో నాకు తెలుసు. కారొచ్చాక, పొద్దున్నే ఆ చప్పుడు విన్నాకే మీ ముఖం తేటపడేది. నాదేముంది, కాసేపు కిటికీ వేసుకుంటే పోయేది."

"పోలేదుగా" అన్నాడు బావ. అంతే అన్నాడు. ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తి, వేలి మసి చూసుకుని, చెయ్యి దించేశాడు. కోపిష్టివాడినే గానీ, నేనూ అక్కడ నిలబడలేకపోయాను.

ఇది జరిగి నాలుగు నెలలైంది. అక్క ఆయాసం పోలేదు, అది పోయే జబ్బు కాదు. పొద్దుటి దగ్గు మాత్రం బాగా తగ్గింది. ఆదివారాలు ఇద్దరూ కారులో తిరిగొస్తున్నారు. మొన్న అక్క ఫోన్ చేసి నాకు ఫిర్యాదు చేసింది.

"మీ బావతో వేగలేకపోతున్నాన్రా. ఏడయ్యేసరికి వంటింట్లోకి వచ్చేసి, పని తెమలనివ్వరు."

"ఏం చేస్తాడే అక్కడ?"

"ఏమీ లేదు. నా పక్కన నిలబడి, కళ్లు మూసుకుని వింటారు."

"ఏం వింటాడు?"

"నా ఊపిరి."