ఎడారి వైపు తెరిచే తలుపు

మొన్న శనివారం పాలు తేవడానికి మనవరాలితో అత్లోన్ వంతెన దాటుతుంటే నది ఒడ్డున కోట కనిపించింది. అమ్మాయి దగ్గర ఉండడానికి ఈ పరాయి దేశపు ఊరొచ్చిన దగ్గర్నుంచి రోజూ చూస్తున్న కోటే. బూడిద రంగులో, గుండ్రంగా, వానలో వదిలేసిన రోలులా ఉంటుంది. మునుపు దాన్ని చూసి అబ్బో అనుకునేదాన్ని. ఇప్పుడు నవ్వొచ్చింది. "ఇదీ ఒక కోటేనా!" అన్నాను. మనవరాలు తెలుగు విని ఇంగ్లీషులో బదులిచ్చే రకం. "ఇట్స్ గ్రాండ్, అమ్మమ్మా," అంది, కోట తరఫున నొచ్చుకుంటూ. తప్పు నాది కాదు. పోయిన వేసవిలో చైనా ఎడారి అంచున జియాయుగ్వాన్ కోట చూసొచ్చాక నా కంటికి ఏదీ ఆనడం లేదు.

అక్కడికి వెళ్లాలన్న కోరిక మా వియ్యపురాలిది, అంటే అల్లుడి తల్లిది. బళ్లో ముప్పయ్యేళ్లు సోషల్ చెప్పి, రిటైరయ్యాక మా దగ్గరికే వచ్చేశారు. వియ్యపురాళ్లిద్దరూ ఒకే వంటింట్లో మసులుతున్నారంటే చుట్టాలెవరూ నమ్మరు. "ఇంకా యుద్ధం రాలేదా?" అని ఫోన్లు చేస్తారు. రాకేం, చారులో బెల్లం దగ్గర రోజూ వస్తుంది. కానీ అరవై దాటిన నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. వంటింటి అలమరాను ఇక్కడ ప్రెస్ అంటారు. దాని తెల్లటి తలుపు మీద మార్కరుతో రాసి, "వదినా, గుణింతం అప్పజెప్పందే టీ లేదు," అనేవారు. టీ మీద ఆశతో వచ్చిన చదువు నాది. ఆ వదినగారు ఏటా పిల్లలకు పటం మీద చైనా గోడ చూపించి, "ఇక్కడితో గోడ సరి, ఇక ఎడారే," అని చెప్పేవారట. ఒకసారి ఓ పిల్ల లేచి, "అక్కడ నిలబడితే ఎట్లా ఉంటుంది టీచర్?" అంటే, తనకే తెలియదని పటం చుట్టేశారట. అప్పట్నుంచీ ఒకటే కోరిక, ఆ గోడ కొసన ఉన్న కోట పడమటి తలుపు దాటి అవతల నాలుగడుగులు వేయాలని. ఆవిడ మోకాళ్ల సంగతి తెలిసినవాళ్లం, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదని మా అందరికీ తెలుసు.

అల్లుడికి కంపెనీ పని మీద చైనా వెళ్లాల్సి రావడంతో సెలవులు కలుపుకుని అందరం బయల్దేరాం. కోటకు చిక్కింది ఒక్క పూట. సాయంత్రం రైలుకు వెనక్కి పోవాలి. దూరం నుంచి చూడగానే గుండె ఝల్లుమంది. మట్టిరంగు గోడలు, వాటి మీద మూడంతస్తుల మేడలు, వెనక బారులు తీరిన మంచుకొండలు! నెత్తిన మాడే ఎండ, కళ్లెదుట మంచు. నేనూ మనవరాలూ చేతులు పట్టుకుని గంతులేశాం. "ఊరుకోమ్మా, అందరూ చూస్తున్నారు," అని మా అమ్మాయి విసుక్కుంది. చూడనీ, మనల్ని చూడ్డానికి వాళ్లు టికెట్టు కొనలేదుగా అన్నాను.

లోపలికెళ్లాక అల్లుడి ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. చైనా మాటలను మాకు అర్థమయ్యేలా చెబుతున్నది ఆ ఫోనే. అంతదాకా దర్జాగా నడిపించినవాడు ఒక బోర్డు ముందు నిలబడిపోయాడు. పక్కన మా అమ్మాయి, ఆ పక్కన వదినగారు. ముగ్గురి చదువులూ కలిపితే ఒక గోడంత పొడవుంటుంది, ముగ్గురూ తెల్లమొహాలే. నిజం చెప్పొద్దూ, నాకు లోపల చెప్పలేనంత సంబరం. అరవై ఏళ్లు నేను బోర్డుల ముందు అలాగే నిలబడ్డాను మరి.

ఒక తలుపు దాటితే ఎదురుగా ఎత్తైన గోడ. నాలుగు పక్కలా గోడలే, బావి అడుగున ఉన్నట్టుంది. ఎడమ పక్కన మాత్రం ఒక తలుపుంది. అల్లుడు ఎండను చూసి లెక్కగట్టాడు. "పడమర మూసేశారమ్మా. ఆ తలుపు దక్షిణానికి పోతుంది. ఇక వెనక్కి పోదాం, రైలు తప్పుతుంది." వదినగారు ఎదుటి గోడకు అరచెయ్యి ఆనించి, "పోనీలేరా, ఇంతదాకా వచ్చాంగా," అన్నారు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

నేను పక్క తలుపులోంచి వచ్చేవాళ్లను చూశాను. చదువు లేనప్పుడు బస్సుకైనా ఆస్పత్రికైనా నాకు దారి చూపింది మనుషులే. వాళ్ల బూట్ల నిండా, చీలమండల దాకా తెల్లటి దుమ్ము. ఆడవాళ్ల జుట్టు రేగిపోయి ఉంది. మేం నిలబడ్డ చోట ఆకు కదిలేంత గాలి లేదు. మరి ఆ జుట్టు ఎక్కడ రేగినట్టు?

"వదినగారూ, నా వెనక రండి."

"అది దక్షిణం వదినా!"

"దిక్కులు మీకు తెలుసు. జనం నాకు తెలుసు. నడవండి."

ఆ తలుపు దాటి కుడికి తిరిగామో లేదో, పెద్ద గోపురం కింద సొరంగంలాంటి దారి, దాని చివర వెలుగు. శత్రువులు తికమకపడాలని తలుపును అలా పక్కకు పెట్టారని తరవాత తెలిసింది. వచ్చేవాడు మా అల్లుడిలా లెక్కలొచ్చినవాడై ఉంటాడని ముందే ఊహించారు కాబోలు. వదినగారు నా చెయ్యి వదిలేశారు. మోకాళ్లు మరిచి, అరిగిన రాళ్ల మీద చిన్నపిల్లలా గబగబా నడిచి వెలుగులో పడ్డారు. గాలి ఒక్కసారిగా ఆవిడ పైట లాగింది. ఎదురుగా గులకరాళ్లు, ఆకాశం, అంతే.

"ఏమీ లేదు వదినా!" అని అరిచారు, పగలబడి నవ్వుతూ. "ఎంత ఉందో చూడండి, ఏమీ లేకుండా!"

నాలుగడుగులు అనుకున్న మనిషి ఆగలేదు. "అత్తయ్యా, రైలు!" అని వెనక నుంచి అల్లుడు కేకేశాడు. నేను వినిపించుకోకుండా ఆవిడ వెంటే నడిచాను. జీవితంలో అన్నీ నాకు ఆలస్యంగానే అందాయని చాలాసార్లు అనుకున్నాను. వందల ఏళ్లుగా నిలబడ్డ గోడ పక్కన, ఆ గాలిలో మాత్రం, మేమిద్దరం సరిగ్గా వేళకే వచ్చామనిపించింది.