కాన్యన్‌లో ఏకాదశి

ఇండియా నుంచి ఎవరొచ్చినా గ్రాండ్ కాన్యన్ చూపించే పని దామోదర్‌దే అని ఎవరూ కాగితం రాసివ్వలేదు. తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజనీరతను. వారమంతా తెల్ల ముసుగు తగిలించుకుని దుమ్ము రేణువు దూరని గదిలో పనిచేస్తాడు. శనివారం వచ్చిందంటే చుట్టాలనో స్నేహితులనో కారెక్కించుకుని దుమ్ములోకి బయల్దేరతాడు. భార్య రాధారాణి మొదట్లో వెంట వెళ్లేది. తర్వాత్తర్వాత "ఆ గొయ్యి నాకు కంఠతా వచ్చేసింది, మీరు వెళ్లిరండి" అని పులిహోర కట్టిచ్చి ఇంట్లో ఉండిపోయేది.

దామోదర్‌కి మాత్రం విసుగు లేదు. పైగా ఆ లోయను తానే దగ్గరుండి తవ్వించినంత గర్వం. వచ్చినవాళ్లు అంచున నిలబడి నోరెళ్లబెట్టాలి. లేకపోతే మనసులో వాళ్లకి మార్కులు తగ్గించేవాడు. పైనుంచే చూసి ఫొటో దిగి పోదామనేవాళ్లంటే మరీ చులకన. ట్రెయిల్ అనే కాలిబాటలో మైలున్నర నడిచి కిందికి దిగితే ఒక రాతి కొట్టం, కుళాయి ఉంటాయి. అక్కడిదాకా నడిపిస్తేగాని అతనికి తృప్తి ఉండదు. ఆ మొండితనమే ఒకరోజు పీకల మీదికి తెచ్చింది.

అది 1984 జూన్‌లో ఒక శనివారం. కాలేజీలో అతని రూమ్మేటైన గోపాల్ కంపెనీ ట్రైనింగ్ మీద బెజవాడ నుంచి చికాగో వచ్చాడు. భార్య శశికళను కూడా తెచ్చుకున్నాడు. కాన్యన్ చూద్దామని ఇద్దరూ ముందురోజు రాత్రే ఫీనిక్స్‌లో దిగారు. రాధారాణి అన్నం పెట్టబోతే "ఫ్లైట్‌లో తినేశానండీ" అంది శశికళ. తెల్లవారుజామున కారులో దామోదర్ కాఫీ ఇవ్వబోతే కడుపులో తిప్పుతోందంది. లోయ అంచున పులిహోర విప్పితే "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటా" అంది. కొత్తచోట మొహమాటం కాబోలు అనుకున్నాడు దామోదర్.

"కిందికి మీరిద్దరూ వెళ్లిరండి అన్నయ్యగారూ. నేనిక్కడ నీడలో కూచుంటా."

"బాగుంది! ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది కూచోడానికా చెల్లెమ్మా? చిన్నపిల్లలు కూడా ట్రెయిల్ దిగుతున్నారు చూడు."

గోపాల్ ఏదో చెప్పబోయాడు. శశికళ అతనివంక ఒక చూపు చూసింది. అతను వంగి బూటు లేసులు కట్టుకున్నాడు.

దిగడం సులువే. ఆ లోయతో చిక్కంతా అదే. కొండ ఎక్కేవాడు అలిసిపోతే వెనక్కి తిరుగుతాడు. ఇక్కడ కష్టమంతా తిరుగుదారిలో కాచుకుని ఉంటుంది. కుళాయి దగ్గర మగవాళ్లిద్దరూ కడుపునిండా నీళ్లు తాగారు. దామోదర్ సీసా నింపుకున్నాడు. శశికళ మొహం కూడా కడుక్కోలేదు. పన్నెండు దాటాక ఎక్కడం మొదలుపెట్టారు. ఎండ నెత్తిన కొడుతోంది, రాళ్లు కింద నుంచి వేడి చిమ్ముతున్నాయి. నాలుగు మలుపులు ఎక్కేసరికి వెనక నుంచి గోపాల్ కేక వినిపించింది.

శశికళ రాతిగోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. దామోదర్‌ని భయపెట్టింది అది కాదు. అంత ఎండలో ఆమె నుదుటి మీద ఒక్క చెమటచుక్క లేదు. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. "విద్య స్కూలు నుంచి వచ్చిందాండీ?" అని అడుగుతోంది. విద్య వాళ్ల కూతురు. బెజవాడలో అమ్మమ్మ దగ్గరుంది.

దామోదర్ సీసా మూత తీసి నోటికి పెట్టాడు. ఆమె పళ్లు బిగించింది. దారినపోయే అమెరికన్ ముసలావిడ ఒకామె ఆగి, తన నీళ్లసీసా అందించింది. శశికళ తల పక్కకి తిప్పేసుకుంది.

"ఇవాళ నిర్జల ఏకాదశిరా," అన్నాడు గోపాల్. "నిన్న రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. మీకు చెప్పొద్దంది. చెబితే మీ ప్రోగ్రామంతా పాడవుతుందని."

"ఒరేయ్, నువ్వసలు మనిషివేనా? నోట్లో నాలుక లేదా నీకు?"

"విద్యకి మెదడువాపు వచ్చినప్పుడు మొక్కుకుంది. పిల్ల బతికింది. తొమ్మిదేళ్లుగా ఒక్క ఏడాది తప్పలేదు. తప్పితే పిల్లకేదో అవుతుందని దాని భయం. నేను చెబితే వింటుందా?"

దామోదర్‌కి ఒళ్లు మండిపోయింది. గోపాల్ మీద, ఆ ఇల్లాలి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద. కూచుంటానన్న మనిషిని ఈడ్చుకొచ్చింది తనే. పైకెక్కి పార్కు కాపలా చూసే రేంజర్‌ని పిలుచుకు రావాలంటే గంట పడుతుంది. ఈమె గంటసేపు ఆగేలా లేదు.

అతను మోకాళ్ల మీద కూచున్నాడు. "చెల్లెమ్మా, ఇటు చూడు. ఏకాదశి అని ఏ పంచాంగంలో చూశావు?"

"బెజవాడదే... వచ్చేటప్పుడు తెచ్చుకున్నా."

"అయితే ఇంకేం? బెజవాడ మనకంటే ముందుంటుంది. అక్కడ తెల్లారి అరగంటయింది. ద్వాదశి వచ్చేసింది. నీ ఉపవాసం పూర్తయిపోయిందమ్మా. తాగు."

బెజవాడలో అప్పుడు రాత్రి రెండు గంటలు.

శశికళ కళ్లు బరువుగా తెరిచింది. "నిజమేనాండీ?" అని మొగుణ్ని అడిగింది.

గోపాల్ తన గడియారాన్ని ఇండియా టైమ్ నుంచి ఇంకా మార్చుకోలేదు. ఎడమచెయ్యి మెల్లిగా వీపు వెనక్కి పెట్టుకుని, "నిజమే" అన్నాడు.

ఆమె గోవిందా అనుకుని ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. తర్వాత సీసాని రెండు చేతులా పట్టుకుంది. ముసలావిడ తన నీళ్లు ఆమె మెడ మీద, తల మీద పోసింది. పావుగంటకి శశికళ పైట సర్దుకుంది. అది చూశాక దామోదర్‌కి ఊపిరి వచ్చింది. చెరోపక్కా పట్టుకుని, పది అడుగులకోసారి కూచోబెట్టి నీళ్లు తాగిస్తూ, అంచు చేరేసరికి మూడున్నర.

పైన గోపాల్ చల్లని కోక్‌లు కొనుక్కొచ్చాడు. దామోదర్ వద్దన్నాడు. నాలుక అంగిటికి అంటుకుపోతోంది. అయినా వద్దన్నాడు. దేవుడి సంగతి అతనికి పెద్దగా పట్టదు, రాధారాణి లాక్కెళితే గుడికి వెళ్లే రకం. కానీ ఎన్నడూ చూడని ఆ పిల్ల, విద్య, అతని కళ్లముందు నిలబడింది. వాళ్లమ్మ మొక్కుని తను అబద్ధమాడి మధ్యలో తెంపేశాడు. మిగిలిన గంటలు ఎవరో ఒకరు నీళ్లు ముట్టకుండా ఉండాలి కదా అనిపించింది. మనసులోనే లెక్క వేసుకున్నాడు. బెజవాడలో సూర్యుడు రావాలంటే ఇక్కడ సాయంత్రం ఐదు దాటాలి.

కారు ఇంటిదారి పట్టింది. వెనకసీట్లో శశికళ పులిహోర తింది. మధ్యలో ఒకసారి నీళ్లసీసా ముందుకి చాపి, "తాగండి అన్నయ్యగారూ, మీరేమీ తాగలేదు" అంది. "దాహం లేదమ్మా" అన్నాడు. అద్దంలో ఆమె తనవంకే చూస్తోందని తెలిసి, చూపు రోడ్డు మీదికి మళ్లించుకున్నాడు.

ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి ఐదుంపావు. పెట్రోలు కొట్టించే నెపంతో కారాపి, గోడకున్న కుళాయి దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. కాగితం కప్పుతో ఒకటి తాగాడు, రెండోది తాగాడు, మూడోది సగం నోట్లో, సగం షర్టు మీదా పోసుకున్నాడు.

తిరిగి చూస్తే వెనకాల శశికళ నిలబడి ఉంది.

"బెజవాడలో ఇప్పుడు తెల్లారిందా అన్నయ్యగారూ?"

ఆమె కళ్లు నిండిపోయాయి. అతని చేతిలో కప్పు తీసుకుని, కుళాయి తిప్పి నింపి, మళ్లీ అతని చేతికే ఇచ్చింది.

"ఉపవాసం విడిచేవాళ్లు అలా గబగబా తాగకూడదు," అంది. "మెల్లిగా తాగండి."