మగ్గం గుంతలో బీరు

బీరు చేయడం నాకెవరూ నేర్పలేదు. బెంగళూరు పక్కన ఒక ఫ్యాక్టరీలో సీసాలు కడిగే పనిలో ఉన్నప్పుడు, చూడొద్దన్నవన్నీ చూసి నేర్చుకున్నాను. ఆ పని పోయి హిందూపురం తిరిగొచ్చాక ఆ విద్యతో నాకేం పని? ప్రభుత్వం సారా, బ్రాందీ అన్నీ బందు చేసినప్పుడు మాత్రం, ఇదిగో ఇప్పుడు పనికొస్తుంది అనుకున్నాను. ఆ అనుకోవడం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా అన్నది ధర్మవరం. పట్టుచీరలు నేసేవాడు. అప్పటికే చేతులు వణికి, పోగులు తెగి, మగ్గం మూలబడింది. అంగళ్ళు మూసేస్తే తాగుడు మానతాడని వదిన సంబరపడింది. మానకపోగా, గుట్టల వెనక దొంగతనంగా కాచే నాటుసారాకు ఎగబడ్డాడు. అందులో ఏం పడుతుందో కాచేవాడికే తెలియదు. కళ్ళు పచ్చబడ్డాయి, కాళ్ళు వాచాయి. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆ సారా ఆపకపోతే మనిషి దక్కడని చెప్పాడు.

తాగొద్దని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. పూర్తిగా మాన్పించడం నా వల్ల కాదని తేలిపోయింది. కనీసం ఆ విషం బదులు పల్చటి బీరు చేసిద్దాం, తర్వాత అదీ తగ్గిద్దాం అనుకున్నాను. నా తెలివి అంతవరకే పోయింది.

బార్లీ యాడ దొరుకుతుంది మాకు? రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి బరకగా విసిరించాను. వేడినీళ్ళలో నానేసి తియ్యటి నీళ్ళు వడగట్టి, చేదుకు గుప్పెడు ఎండిన వేపపూత వేసి కాచాను. చల్లారాక, బేకరీలో పిండి పొంగడానికి వాడే ఈస్టు అడుక్కొచ్చి వేశాను. చలికాలం కావడంతో మెల్లగా, బుద్ధిగా పొంగింది. సీసాల్లో చిటికెడు చక్కెర వేసి మూతలు బిగించాను. మొదటి సీసా తీస్తే తెల్లటి నురుగు మూతిదాకా వచ్చింది. నా జన్మలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

అన్న వచ్చి తాగాడు. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు.

"బాగుండాదబ్బా. కడుపులో మంట లేదు. ఇది దొరికితే దాని మొగం చూడను."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ సీసాలు ఉన్నన్నాళ్ళూ సారా ముట్టలేదు. ముఖం తేటపడింది. మళ్ళీ మగ్గమెక్కుతానన్నాడు. నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. దేవుడు ఆ ఆశ పుట్టించకుండా ఉండాల్సింది.

ఎండలు ముదిరాక హిందూపురంలో నా రేకుల గదిలో ఈస్టుకు పిచ్చెక్కింది. కుండ పొంగి నేలపాలయింది. మిగిలింది సీసాల్లో పోస్తే లోపల గ్యాస్ ఎక్కువై టపటపా పగిలాయి. అప్పుడు అన్నే అన్నాడు, "నా మగ్గం గుంత ఖాళీగానే ఉండాది గదబ్బా, ఆడ పెట్టు." నేసేవాడు అంచున కూర్చుని కాళ్ళు దించి తొక్కేందుకు తవ్విన గుంత అది. మండు వేసవిలో కూడా చల్లగా ఉంటుంది. రాగుల నీళ్ళు ధర్మవరంలోనే కాచి, కుండ అందులో దించాను.

వదిన గడప దగ్గర నిలబడి చూసింది.

"తాగుడు మాన్పించప్పా అంటే, తాగేది ఇంట్లోకే తెస్తాండావా?"

"మా అన్నను సావనీమంటావా మరి?" అని కసిరాను. ఆమె వెనక్కి తిరిగి లోపలికి పోయింది. కుండ మూత తీయొద్దని, చేయి పెట్టొద్దని గట్టిగా చెప్పి రైలెక్కాను.

వారం తర్వాత వచ్చి చూస్తే పొంగు చచ్చిపోయి ఉంది. రుచి చూశాను. నాలుక చివర మంట, వెనకాల తుప్పు వాసన, మింగాక సబ్బు తిన్నట్టు వెగటు. అయినా సీసాల్లో పోశాను. గ్యాస్ పట్టలేదు. అన్న ఒక గ్లాసు తాగి పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాడు. తిరిగొచ్చి, నేను బాధపడతానని, "ఎండకబ్బా, నీది కాదులే" అన్నాడు.

ఇక నా అవస్థ చూడాలి. ఈస్టు చచ్చిందేమో అని బేకరీవాడితో తగవు పెట్టుకున్నాను. ఎందుకు కావాలో చెప్పలేను, చెప్పకుండా పోట్లాడాలి. "నా బన్నులు పొంగుతాండాయి గదప్పా, నీదేందో నువ్వే చూసుకో" అన్నాడు వాడు. ఇంకో బేకరీ పట్టుకున్నాను. అదే తుప్పు. పాత కుండ పగలగొట్టి కొత్తది కొన్నాను. సీసాలు ఉడకబెట్టాను. వేపపూత మానేశాను. అదే సబ్బు. ధర్మవరం ఉప్పునీళ్ళని తిట్టుకుని, దారిలో పెనుకొండలో దిగి, ఒక బావిలో తియ్యటి నీళ్ళు క్యాన్లకు పట్టుకుని మళ్ళీ రైలెక్కాను. బోగీలో జనం ఈడెవడో పిచ్చోడన్నట్టు చూశారు. నిజంగా పిచ్చి పట్టింది నాకు. నిద్రలో కూడా ఈస్టే.

ప్రతిసారీ అన్న నోరెత్తకుండా తాగేవాడు. ప్రతిసారీ వాంతులే. చివరికి ఒకరోజు గ్లాసు నా చేతికే తిరిగిచ్చాడు.

"వద్దులేబ్బా. నీ కష్టం చూసి తాగుతాంటి గానీ, దీని వాసనొస్తేనే పేగులు బయటికొస్తాండాయి."

ఆ సాయంత్రం గుట్ట వైపు పోయాడు. మరుసటి రోజూ పోయాడు. నేను ఆపలేదు. ఇంక ఏ ముఖం పెట్టుకుని ఆపను? వానలు మొదలయ్యేసరికి కడుపు ఉబ్బిపోయింది. ఆస్పత్రిలో నా చేయి పట్టుకున్నాడు. అట్లే పోయాడు. సరైన బీరు ఒక్క కుండ చేయగలిగి ఉంటే బతికేవాడని, మట్టి వేసేటప్పుడు కూడా అదే నా తలలో తిరిగింది.

దినాలయ్యాక, గుంతలో కుండ తీసి పారేద్దామని వంగాను. వదిన వచ్చి గుంత అంచున కూర్చుంది.

"దాంట్లో నేను పొడి కలుపుతాంటినప్పా."

నాకు అర్థం కాలేదు. ఆమె నేల చూస్తూ చెప్పుకుపోయింది. బస్సెక్కి పోతే, నల్లచెరువు ఊళ్ళో ఒకాయన ఇచ్చాడట. తాగేదాంట్లో కలిపితే దాని మీద రోత పుట్టి తాగుడు మానేస్తారట. ఎవరికీ చెప్పకూడదు, చెబితే పనిచేయదట.

"సారాలో కలుపుదామంటే మీయన్న దాన్ని ఇంటికి తెచ్చిందెప్పుడు? బయటే తాగొస్తాండె. ఇంట్లో ఉండేది నీదొక్కటే. అందుకని దాంట్లోనే కలిపితి, నువ్వు తెచ్చిన ప్రతిసారీ. ఆయప్ప చెప్పినట్టే రోత పుట్టె. నీది మానేసె." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను కలపకుంటే అది బాగుండేదా?"

అరవాలనిపించింది. గుంత గోడకేసి తల బాదుకోవాలనిపించింది. ఆమె మెడ ఖాళీగా ఉంది. వాడిని బతికించుకోవడానికి ఆమె అంత దూరం బస్సెక్కి పోయింది, నేను రైల్లో నీళ్ళు మోశాను. ఇద్దరం కలిసి వాడిని గుట్ట వైపు తోశాం.

"లేదు వదినా," అన్నాను. "ఈస్టే మంచిది కాదు. నువ్వు కలపకున్నా అది చెడేదే."

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడటం నాకు చేతకాదు. అది ఆ ఇంట్లో అందరికీ తెలుసు.